ఎర్రగోడల గది, బామ్మగారి ముక్కు

ఆ రోజుల్లో ఇల్లు శుభ్రం చేసుకోవడం ఒక పని. చీపురు పట్టుకుంటే మొదలయ్యేది, చీపురు మూలన పెడితే అయిపోయేది. ఇప్పుడది ఒక దీక్ష. మా ఆవిడ మేడమీద పిట్టగోడ పొడవునా సీసాలు పేర్చింది. ఒకదాంట్లో బత్తాయి తొక్కలూ బెల్లమూ, ఇంకోదాంట్లో నిమ్మతొక్కలూ ఉప్పూ. మూడోదాంట్లో ఏముందో ఆ సీసాకే తెలియదు, మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి గురకపెడుతూ బుడగలు వదులుతుంది. ఫోనులో ఎవరో అమ్మాయి, మొహంమీద చెమటచుక్కయినా లేకుండా, "మందులెందుకండీ, ఇల్లంతా తళతళలాడించే సరుకు మీ వంటింట్లోనే ఉంది కదా!" అంటూ వంటసోడా మీద నిమ్మకాయ పిండుతుంది. అది బుస్సున పొంగగానే మా ఆవిడ కళ్ళు మెరుస్తాయి. నాకు మాత్రం ఏలూరు ఎండల్లో కూడా వెన్నులో చలి పుడుతుంది. ఎందుకంటే ఆ అమ్మాయి పుట్టకముందే, ఆ ఫోను పుట్టకముందే, ఒక వంటింటిని పోపులపెట్టెతో సహా గోడలకు పూసి, గచ్చుకు రుద్ది, దూలాలకు పొగబెట్టి బతికి బయటపడ్డ మనిషిని నేను. (బతికానన్నది మా ఆవిడ మాట. నాకింకా అనుమానమే.)

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. మీసం కూడా ఇంకా దరఖాస్తు దశలోనే ఉంది. మా నాన్నగారు అత్తిలిలో పురోహితులు. మా ఇంట్లో వంకాయకు కూడా స్నానం చేయించి, మడి కట్టించి వండేవారు. అలాంటి వంశంలో పుట్టిన నాకు, కొల్లేటి చేపల చెరువులకు మందులూ మేతా అమ్మే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. "తినడం కాదు కదే, వాటికి వైద్యం చేస్తున్నాడు. అదీ పుణ్యమే" అని నాన్నగారు అమ్మకు సర్దిచెప్పారుగానీ, సెలవుకు ఇంటికి వెళితే మాత్రం వీధిలోంచి నన్ను సరాసరి నూతి దగ్గరికే పంపించేవారు. ఏలూరునుంచి ఆకివీడుదాకా ఉన్న చెరువుగట్లన్నీ నా మోటారుసైకిలు చక్రాలకు కంఠోపాఠం. చేపకు పేలు పడితే నన్ను పిలిచేవారు; చేప నీళ్ళపైకొచ్చి నోరు తెరిస్తే నన్ను పిలిచేవారు. సెలవుకు ఇంటికెళ్ళేటప్పుడు నేను ఎక్కే రైలుపెట్టెలో నా చుట్టూ నలుగురు కూర్చునే చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. అది నామీద గౌరవమని చాలాకాలం అనుకున్నాను.

ఏలూరు పవర్‌పేటలో ఒక పెంకుటింటి వెనకగదిలో అద్దెకుండేవాణ్ణి. ఇంటావిడను పిన్నిగారు అని పిలిచేవాణ్ణి. (ఆవిడ భర్త, రిటైరైన మాస్టారు, కూడా ఇంట్లోనే ఉండేవారుగానీ ఎప్పుడూ పేపరు వెనకాల ఉండేవారు. ఈ కథలోనూ అక్కడే ఉంటారు.) పిన్నిగారిది వెల్లుల్లి అనే మాట కూడా నోటితో అనని ఇల్లు. "నువ్వు చేపలకి మందు అమ్ముకో బాబూ, నాకభ్యంతరం లేదు. కాని గడప ఇవతలికి పొలుసు రాకూడదు" అని షరతు పెట్టి గది ఇచ్చింది. ఏ జన్మలో బాకీ ఉందో ఏమో, ఆవిడకు నామీద అభిమానం పుట్టి, తాడేపల్లిగూడెంలో ఉన్న తన దూరపు బంధువుల అమ్మాయిని నాకు చూసింది.

పెళ్ళిచూపులకు వెళ్ళాను. అమ్మాయి కాఫీ తెచ్చి, కప్పు చేతికిస్తూ, ఎవరికీ వినపడకుండా, "చేపలకి జలుబు చేస్తుందాండీ?" అని అడిగింది. అంతే. నా పని అయిపోయింది. ఇన్నాళ్ళ వైద్యంలో ఆ ప్రశ్న నేనెందుకు వేసుకోలేదా అని ఆలోచిస్తూ కాఫీ మొత్తం చొక్కామీద పోసుకున్నాను. ఈ అమ్మాయి తప్ప ఈ భూమ్మీద ఇంకే అమ్మాయీ వద్దని అక్కడికక్కడే, తడిచొక్కాతో, ఆంజనేయస్వామికి చెప్పేసుకున్నాను. కాని మధ్యలో ఒక ముక్కు అడ్డం వచ్చింది.

ఆ ముక్కు అమ్మాయి బామ్మగారిది. గూడెంలో దాని పేరు తెలియనివాళ్ళు లేరు. వాళ్ళ ఇల్లు ఉల్లిపాయల మార్కెట్టుకు వెళ్ళే దారిలో ఉండేది. బామ్మగారు అరుగుమీద కూర్చుని, లారీ మలుపు తిరుగుతుండగానే, "ఇది కర్నూలు ఉల్లి", "ఇది నాసిక్ ఉల్లి" అని చెప్పేవారట, ఒక్కసారి తప్పలేదట. నెయ్యి కొన్నా, బియ్యం కొన్నా, అల్లుణ్ణి తెచ్చుకున్నా ముందు ఆవిడ వాసన చూడాలి. ఆవిడ ముక్కు మాట్లాడేదాకా ఆ ఇంట్లో ఇంకే ముక్కూ మాట్లాడకూడదు. కాబోయే మామగారు సైతం ఆవిడ ముందు తుమ్మడానికి అనుమతి అడిగేవారు. ఆ బామ్మగారు నన్ను కిందనుంచి మీదికి చూసి, "కుర్రాడు బానే ఉన్నాడు. కాని నీచు ఉద్యోగం. ఆదివారం పొద్దున్నే వచ్చి గది చూస్తాను. నీచు వాసన ఇంత తగిలిందా, పిల్లనివ్వను" అన్నారు. నేను వెళ్ళబోతుంటే ఇంకోటి కూడా అన్నారు: "ఫినాయిల్ పోసి ఉంచాడా, అసలు గుమ్మమే ఎక్కను. సీసా మందులు పోసిన ఇంట్లో ఏదో దాస్తున్నారన్నమాటే. వంటింటి సరుకులతో శుభ్రం కాని ఇల్లు ఇల్లే కాదు."

పిన్నిగారు పట్టుదలగా గదికి కొత్తగా సున్నం వేయించింది. గోడలు పాలనురగలా మెరిసిపోయాయి. అంతా బాగానే ఉంది. నేను ఆ శుక్రవారం చెరువు మీదికి వెళ్ళకపోతే ఇంకా బాగుండేది.

కొల్లేటి దగ్గర ఒక పెద్దాయన చెరువులో ఆ రోజు పట్టుబడి. అంటే చెరువంతా వల లాగి చేపల్ని లారీలకెక్కించే రోజు. ఆ రోజు గట్టుమీదికి వచ్చినవాడు ఎవడైనా సరే, ఉత్త చేతులతో వెళ్ళకూడదు. అది అక్కడి మర్యాద. వైద్యుడైతే అసలు వెళ్ళకూడదు. నేను శాకాహారినని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా, "అదేంటండీ బాబుగారూ, మీరు మందేసి బతికించిన చేపండీ ఇది! మీరు తీసుకెళ్ళకపోతే చెరువు చిన్నబుచ్చుకోదాండీ? మీరు తినకపోతే మానేయండి, చెయ్యయితే వెయ్యండి" అని, తడిగోనె సంచిలో మూరెడు పొడవున్న కొర్రమేనుని పెట్టి, నా మోటారుసైకిలుకు కట్టేశారు. ప్రాణంతో ఉంది. మామూలుగా ఇలాంటి బహుమానాలు మా కంపెనీ వ్యాను డ్రైవరుకు ఇచ్చేసేవాణ్ణి. (అతన్ని నేను భాయ్ అనేవాణ్ణి. నాకు దక్కిన చేపలతో వాళ్ళింట్లో వంట జరిగేది, ఆ పుణ్యంతో నా పెట్టెల్ని అతను మోసేవాడు.) ఆ రోజు చూస్తే భాయ్ బంధువుల పెళ్ళికని కైకలూరు వెళ్ళాడు. ఆదివారానికిగాని రాడట.

దారిలో పారేద్దామంటే చేప నా కళ్ళలోకి చూసింది. వదిలేద్దామంటే కాలువలో నీళ్ళు లేవు, కట్టేశారు. చివరికి చీకటిపడే వేళకు, పిన్నిగారు దేవుడి గదిలో ఉన్న సమయం చూసి, దొంగలా సంచి పట్టుకుని నా గదిలో దూరి, బకెట్టులో నీళ్ళు పోసి దాన్ని అందులో వదిలి, పైన పళ్ళెం మూతపెట్టి, పళ్ళెంమీద నా పాత డిగ్రీ పుస్తకాలు పెట్టాను. పొద్దున్నే తీసుకెళ్ళి ఎవరికైనా ఇచ్చేద్దామని. పొద్దున్న లేచేసరికి పుస్తకాలు నేలమీదున్నాయి, పళ్ళెం గుమ్మంలో ఉంది, బకెట్టు ఖాళీ. కొర్రమేను సంగతి నాకంటే ఎవరికి బాగా తెలియాలి? నీళ్ళు లేకపోయినా గంటలకొద్దీ బతుకుతుంది, పొట్టమీద పాక్కుంటూ ఊళ్ళు తిరుగుతుంది. మంచంకింద చూశాను, పెట్టెలకింద చూశాను, బూట్లలో చూశాను. లేదు. నీళ్ళు పోయే తూములోంచి బయటికి పాకి, మురుక్కాలువ పట్టుకుని కొల్లేటికి తిరిగి వెళ్ళిపోయి ఉంటుందని, తెలివైన జీవమని, మనసులో దానికి నమస్కారం కూడా పెట్టుకున్నాను. ఇంతకంటే మూర్ఖమైన నమస్కారం నేను జీవితంలో ఎవరికీ పెట్టలేదు.

శనివారం మధ్యాహ్నానికి నాకు అర్థమైంది, చేప ఎక్కడికీ వెళ్ళలేదని. మొదట ఒక సన్నని తీగలాంటి వాసన వచ్చింది. ఏలూరు ఎండ దాన్ని తాడు చేసింది. సాయంత్రానికి అది మోకు అయ్యి, నా మెడకు చుట్టుకుంది. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియదు. గది నాలుగు మూలల్నుంచీ వస్తోంది, నా దిండులోంచి వస్తోంది, దేవుడి పటంలోంచి వస్తోంది. పిన్నిగారు గుమ్మం బయట ఆగి, "ఏం బాబూ, ఏదో నీచు కొడుతోంది?" అంది. "మేత శాంపిల్ సంచి చిరిగిందండీ" అన్నాను. (అబద్ధం చెప్పేటప్పుడు అండీ ఇంకాస్త మెత్తగా వస్తుంది.) ఆవిడ పమిటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "రేపు పొద్దున్నే ఆవిడొస్తుంది! ఫినాయిల్ పోయడానికి లేదు కదయ్యా! నీకు నా వంటిల్లు అప్పజెబుతున్నాను. ఏం చేస్తావో చెయ్యి" అని, సామ్రాజ్యం తాళాలు ఇచ్చినట్టు చింతపండు కుండా, ఉప్పు జాడీ, పసుపు డబ్బా నా ముందు పెట్టింది.

ముందు చింతపండు. "ఇత్తడిమీద ఎంతటి మకిలైనా చింతపండుకి లొంగుతుంది" అని పిన్నిగారు చెప్పింది. కుండెడు చింతపండు పిసికి, ఉప్పు కలిపి, గచ్చంతా రుద్దాను. గచ్చు ఇత్తడి కాదని తరువాత తెలిసింది. నీచు వాసన కాస్తా పుల్లని నీచు వాసన అయింది. ఆ తరువాత బియ్యం కడిగిన కుడితి. అది ఎండకు పులిసి, తన సొంత వాసన ఒకటి మొదలుపెట్టింది. దాన్ని పీల్చడానికని శనగపిండి చల్లాను. శనగపిండి కుడితిని పీల్చి, బజ్జీల పిండిలా గచ్చుకు అతుక్కుపోయింది. దాన్ని గోకుతుంటే చీమలు వచ్చాయి. ఒక ఇంటి చీమలు కావు. దెందులూరు, భీమడోలునుంచి పిల్లాజెల్లాతో బయల్దేరి వచ్చిన చీమలు. గది మధ్యలో అవి సభ చేశాయి. వాటిని తరమడానికని కాఫీపొడి చల్లాను. చీమలు కాఫీ తాగి, ఉత్సాహంగా గోడలెక్కాయి.

అప్పుడు పిన్నిగారు కిటికీలోంచి (లోపలికి రావడం మానేసింది) చివరి అస్త్రం వేసింది. "పసుపు నీళ్ళు చల్లు బాబూ. నీచుకి పసుపే మందు. పెద్దవాళ్ళు ఊరికే అనరు." బకెట్టు నీళ్ళలో అరడబ్బా పసుపు కలిపాను. భక్తిగా చేత్తో నాలుగు దిక్కులా చిమ్మాను. కొత్త సున్నం గోడలమీద ఆ పసుపు నీళ్ళు పడ్డాయి.

సున్నమూ పసుపూ కలిస్తే ఏమవుతుందో మన తెలుగు ఇళ్ళలో పుట్టిన పసిపిల్లలకు కూడా తెలుసు. పెళ్ళికొడుక్కి గుమ్మంలో దిష్టి తీసే పళ్ళెంలో ఎర్రనీళ్ళు ఎలా వస్తాయో నేను పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. మా నాన్నగారి చేతిమీదుగానే ఎన్ని పళ్ళేలు తిరిగాయో! పైగా నేను రసాయనశాస్త్రం డిగ్రీ. అయినా ఆ క్షణంలో అది నా బుర్రకు తట్టలేదు. నా కళ్ళముందే తెల్లగోడలమీద పసుపు చుక్కలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. చుక్కలు చారలయ్యాయి. చారలు కిందికి కారాయి. చూస్తుండగానే నా గది, నలుగుర్ని నరికి పారిపోయిన చోటులా తయారైంది. నరికినచోట ఎలాంటి వాసన రావాలో అలాంటి వాసన ముందే సిద్ధంగా ఉంది.

"అయ్యయ్యో! ఏం చేశావయ్యా!" అని పిన్నిగారు కిటికీ ఊచలు పట్టుకుని కూలబడింది. నేను కంగారులో వంటసోడా పులిమాను. ఎరుపు ఇంకా చిక్కబడింది. నిమ్మకాయ రుద్దాను. మంత్రం వేసినట్టు ఎరుపు పోయి పసుపొచ్చింది! ప్రాణం లేచొచ్చింది. ఏలూరు నిమ్మకాయల మార్కెట్టు ఉన్న ఊరు కాబట్టి సరిపోయిందిగాని, ఇంకే ఊరైనా అయితే నా దెబ్బకు ఆ ఏడు పచ్చళ్ళు ఉండేవి కావు. మోటారుసైకిలేసుకుని వెళ్ళి సంచెడు నిమ్మకాయలు తెచ్చి గోడలన్నీ రుద్దాను. ఒక గోడ రుద్ది రెండో గోడకు వెళ్ళేసరికి, మొదటి గోడలో సున్నం తడారి, కింద్నుంచి మళ్ళీ ఎరుపు తన్నుకొచ్చేది. రెండోది వదిలి మొదటిదానికి వస్తే రెండోది ఎర్రబడేది. ఎరుపు, పసుపు, ఎరుపు, పసుపు. నా జీవితంలో ఆడిన ఒకే ఒక్క ఆట అది. అందులో అవతలి పక్షం గోడ. మధ్యలో చీమలు అటూ ఇటూ పరుగెత్తుతూ చూస్తున్నాయి. చివరికి చేతులు నిమ్మరసానికి మండిపోయి, గది మధ్య చతికిలబడి, ఇలాంటి కొంపలోకి ఏ పిల్లనైనా ఎవరైనా ఎందుకిస్తారని, చేపలకు జలుబు చేస్తుందో లేదో ఆ అమ్మాయికి ఇక ఎప్పటికీ చెప్పలేనని, నిజంగానే ఏడ్చాను. అంతకుముందు దూలాలకు పట్టిన సాంబ్రాణి పొగవల్ల అనుకుని పిన్నిగారు కిటికీ ఇంకాస్త తెరిచింది.

తెల్లారింది. అప్పటికి నా ముక్కు రాజీనామా చేసి వెళ్ళిపోయింది. నాకు ఏ వాసనా తెలియడం లేదు. గూడెంనుంచి పాసింజరులో వాళ్ళు దిగారు: బామ్మగారు, కాబోయే మామగారు, ఆయన తమ్ముడు. గుమ్మంలోకి రాగానే మామగారి మొహం ఒక్క క్షణం ముడుచుకోబోయి, తల్లి పక్కనే ఉందని గుర్తొచ్చి, బిగుసుకుపోయింది. తమ్ముడుగారు ఊపిరి బిగబట్టి, మెడ నరాలు పొంగుతుండగా, కిటికీలోంచి కనిపించే కొబ్బరిచెట్టును తదేకంగా చూడసాగారు. బామ్మగారు గోడల్ని చూశారు. కిందినుంచి నడుమెత్తుదాకా ఎర్రగా ఉన్నాయి. ఆపైన నేను నిమ్మకాయతో అందుకున్నంత మేర పసుపు.

"ఏమిటివి?" అన్నారు.

పిన్నిగారు ఒక్క అడుగు ముందుకేసి, పమిటచెంగు నడుముకు దోపి, "మీరు మొట్టమొదటిసారి వస్తున్నారు కదండీ! పళ్ళెంలో తీసే హారతి ఏపాటిదని, కుర్రాడు గదిగదంతా ఎర్రనీళ్ళతో దిష్టి తీయించాడండీ. పురోహితుల పిల్లాడు కదండీ!" అంది. (ఆవిడ భర్త పేపరు వెనకాల ఉండటానికి కారణం నాకు ఆ రోజే అర్థమైంది.)

బామ్మగారు తల ఆడించారు. కూర్చోవాలన్నారు. గదిలో ఉన్న ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీ ఆవిడ మోకాళ్ళకు మరీ కిందికైపోయింది. నేను కంగారుగా మూలనున్న బొంత, చలికాలానికని మా అమ్మ కుట్టించి ఇచ్చిన బొంత, చుట్టగా చుట్టి ఉన్నదున్నట్టు ఎత్తి, కుర్చీమీద మెత్తగా వేశాను. బరువుగా తగిలింది, రాత్రి నేను చిమ్మిన నీళ్ళు పీల్చిందనుకున్నాను. బామ్మగారు దానిమీద స్థిరంగా కూర్చున్నారు. గదిలో గాలి కూడా కదలడం మానేసింది. ఆవిడ ముక్కుపుటాలు ఒకసారి పొంగాయి. మెల్లగా తల తిప్పి కొడుకు మొహం చూశారు, రాయి. రెండోవాడి మొహం చూశారు, కొబ్బరిచెట్టు. పిన్నిగారి మొహం చూశారు; అమ్మవారి విగ్రహం. చివరికి నా మొహం చూశారు. నా మొహంలో ఏముందో నాకు తెలియదు. ఇంకో నిమిషంలో నా పెళ్ళి ఈ గోడల్లాగే అయిపోతుందని మాత్రం తెలుసు.

"ఏ వాసనా లేదు. పిల్లాణ్ణి ఖాయం చేసుకోండి" అన్నారు బామ్మగారు.

"అవునమ్మా, సుగంధంలా ఉంది" అన్నారు మామగారు, అప్పటిదాకా దాచుకున్న ఊపిరినంతా ఆ ఒక్కమాటలో ఖర్చుపెట్టి, వెంటనే బయటికి పరుగెత్తుతూ. తమ్ముడుగారు అప్పటికే కొబ్బరిచెట్టు కింద ఉన్నారు.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి భాయ్ వచ్చాడు, పెళ్ళి లడ్డూ పొట్లంతో. గుమ్మంలో ఆగి, గుండెలనిండా గాలి పీల్చి, మొహం విప్పారగా, "ఏం బాబుగారూ! చెప్పకుండా మొదలుపెట్టేశారేంటండీ? చింతపండు, ఉప్పు, పసుపు... పులుసు అదిరిపోతుంది. ఉల్లిపాయొకటి తక్కువయినట్టుందండీ" అన్నాడు. నాకు కాళ్ళకింద గచ్చు జారింది. (శనగపిండి వల్ల అది నిజంగానే జారేది.) తరతరాలుగా చేపను ముట్టని వంశంలో పుట్టి, పులుసు అంటే బెండకాయదే అనుకునే నేను, పిన్నిగారి సలహాతో, ఒక గదినే గిన్నెగా చేసుకుని, దినుసు దినుసునా వరసపెట్టి కొర్రమేను పులుసు పెట్టానన్నమాట. భాయ్ ముక్కు దారి చూపిస్తుంటే నడిచి కుర్చీ దగ్గరికి వెళ్ళి, బొంత విప్పాడు. లోపల, వెచ్చగా, నిద్రపోతున్నట్టు, ఉంది. "అయ్యో, ఇంత మంచి చేపని బొంతలో చుట్టి పాడుచేశారేంటండీ!" అని భాయ్ బాధపడ్డాడు. గూడెం మొత్తానికి వాసనలు చెప్పే బామ్మగారు, సరిగ్గా దానిమీదే, కాఫీ తాగుతూ, అరగంట కూర్చుని వెళ్ళారు.

పెళ్ళయింది. "శుభ్రమైన కుర్రాడు" అని బామ్మగారు ఇచ్చిన బిరుదు నా మెడకు మంగళసూత్రంలా పడింది. అది అబద్ధమని చెప్పడానికి లేదు కనుక, ఆ ఆదివారంనుంచి ఈ ఆదివారందాకా మా ఇంట్లో గచ్చులు రుద్దేది నేనే. కాని ఆ ముక్కు సంగతి మాత్రం నన్ను తొలిచేసేది. నా మీద దయతో చెప్పారా? నా ఏడుపు మొహం చూసి జాలిపడ్డారా?

పెళ్ళయిన కొన్నాళ్ళకు గూడెంలో ఒక మధ్యాహ్నం అందరూ గుడికి వెళ్ళారు. బామ్మగారు వంటింటి గుమ్మానికి ఆనుకుని వత్తులు చేసుకుంటున్నారు, నేను అరుగుమీద ఉన్నాను. పాలు మాడిన కంపు వీధిలోకి వచ్చి నన్ను లేపింది. పరుగెత్తి వెళ్ళి చూస్తే, గిన్నె నల్లగా మాడిపోతోంది. పొయ్యికి రెండడుగుల దూరంలో బామ్మగారు ప్రశాంతంగా వత్తి పేనుతున్నారు. పొయ్యి ఆపి వెనక్కి తిరిగాను. ఆవిడ నన్ను చూశారు, గిన్నెను చూశారు.

"ఎవరికీ చెప్పకు నాయనా" అన్నారు. "పెద్దమ్మాయి పెళ్ళిలో జలుబు చేసింది. జలుబు పోయింది. వాసన కూడా దాంతోపాటే పోయింది."

"మరి ఉల్లిపాయల లారీల సంగతేంటి బామ్మగారూ?"

"నంబరు బోర్డు చూస్తే తెలియదూ, ఏ రాష్ట్రం బండో!"

"మరి మా గదిలో ఆ రోజు?"

"అందరి మొహాలూ చూశాను. అలాగే చూస్తాను ఎప్పుడూ. కంపు ఉంటే మొహం చిట్లుతుంది కదా. ఒక్కడూ చిట్లించలేదు. అందుకే లేదన్నాను."

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కాని కుర్రతనం. "మీరు చెప్పేదాకా ఎవరూ మొహం చిట్లించరు కదండీ, మీరంటే భయం" అన్నాను. ఆవిడ చేతిలో వత్తి ఆగిపోయింది. కొన్న నెయ్యి, తెచ్చిన బియ్యం, కుదిర్చిన సంబంధాలు, ఇన్నేళ్ళ తీర్పులన్నీ ఒక్కొక్కటే ఆవిడ కళ్ళలో వరసగా వెళ్ళిపోవడం నేను చూశాను. ఎర్రబడే గోడను చూసినప్పుడు నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది. చాలా చిన్న గొంతుతో, "ఇది తెలిస్తే ఇక ఈ వంటింట్లో నా మాట ఎవరు వింటారురా?" అన్నారు.

ఆ క్షణంనుంచి నేను ఆవిడకు ముక్కునయ్యాను. నెయ్యి డబ్బా వస్తే నేను ఆవిడకు ఎదురుగా నిలబడేవాణ్ణి. బాగుంటే ముక్కు తుడుచుకునేవాణ్ణి, బాగులేకపోతే చెవి గోక్కునేవాణ్ణి. బామ్మగారు కళ్ళు అరమోడ్చి, ముక్కుపుటాలు ఎగరేసి, తీర్పు చెప్పేవారు. నాకు ఏడాది పొడవునా జలుబనీ, చెవిలో ఏదో దురదనీ బంధువులంతా నిర్ధారించి మందులు కూడా చెప్పారు. బామ్మగారు పోయేదాకా ఆ ముక్కు ఒక్కసారి కూడా తప్పలేదు. బొంత సంగతి మాత్రం ఆవిడకు నేను చెప్పలేదు.

ఆవిడ తరువాత, ఎప్పుడూ ఆవిడ ఎదురుగా ఉండేవాణ్ణి కాబట్టి, ఆ పదవి నాకే కట్టబెట్టారు. సంతోషమే. కాని ఆమధ్య ఊరంతా మూతులకు గుడ్డలు కట్టుకుని తిరిగిన రోజుల్లో నాకూ జ్వరం వచ్చింది. జ్వరం పోయింది. వాసన తిరిగి రాలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో నా మాట వినడానికి మిగిలిన కారణం అదొక్కటే మరి.

మొన్న గూడెంలో మా బావమరిది గృహప్రవేశం. వంటవాళ్ళు నెయ్యి డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. "బావగారూ, మీరు సరేనంటేనే పోపులో పడుతుందండీ" అన్నాడు బావమరిది. చుట్టూ అందరూ మొహాలు బిగించుకుని నా తీర్పుకోసం నిలబడ్డారు. రాళ్ళూ, విగ్రహాలూ, కొబ్బరిచెట్లూ. నేను డబ్బామీదికి వంగి, ఏమీ తెలియక, కళ్ళు అరమోడ్చి, ముక్కుపుటాలు ఎగరేసి, తలెత్తాను. హాలు అవతల, స్తంభానికి ఆనుకుని, మా ఆవిడ నిలబడి ఉంది. నావైపు చూడనట్టే చూస్తూ, మెల్లగా చెవి దుద్దు సరిచేసుకుంది.

"తిరగ్గొట్టండి. కల్తీ" అన్నాను. అందరూ అబ్బురంగా తలలు ఆడించారు.

ఎప్పట్నుంచి తెలుసో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో పాసింజరు కిటికీ పక్కన కూర్చుని, "అవునూ, చేపలకి జలుబు చేస్తుందా చెయ్యదా? ఇంతవరకూ చెప్పనేలేదు మీరు" అంది. ఎర్రగోడల మధ్య, మండే చేతులతో, నిమ్మచెక్క పట్టుకుని, ఈ ప్రశ్నకు జవాబు చెప్పే భాగ్యం ఇక లేదని ఏడ్చిన ఆ కుర్రాణ్ణి ఒక్కసారి తలుచుకున్నాను. పిచ్చివాడు. ఏలూరు వచ్చేదాకా ఆలోచించినా, నాకు జవాబు తెలియలేదు.